మాట వైరల్ అయింది, మనిషిని ఎవరూ అడగలేదు

హైదరాబాద్‌లో ఒక ముసలాయన ఏదో యూట్యూబ్ ఇంటర్వ్యూలో కోపంగా ఒక మాట అన్నాడు. కుర్చీ మడతపెట్టి అంటూ మొదలయ్యే మాట, వెనకాల ఒక బూతు కూడా ఉంది. ఆ ముక్క ఒక్కటే కత్తిరించి రీల్స్‌లో పెట్టారు, డీజేవాళ్ళు బీటు కలిపారు, వాట్సాప్ స్టిక్కర్లు వచ్చాయి, ఆయనకి కుర్చీ తాత అని పేరు పడింది. 2023 డిసెంబరు చివరికల్లా ఆ మాటే 'గుంటూరు కారం' సినిమాలో మహేశ్‌బాబు పాటకి పల్లవి అయి కూర్చుంది. 2024 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో రాజకీయ సభల్లో అదొక సవాలుగా మారింది, వేదిక మీదే కుర్చీ మడిచి చూపించారు. తర్వాత అమెరికాలో, హ్యూస్టన్‌లో, ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ మ్యాచ్ విరామంలో కూడా ఆ పాటకి డాన్స్ చేశారు. ఒక మనిషి నోట్లోంచి కోపంలో ఊడిపడిన రెండు మాటలు సముద్రం దాటి వెళ్ళాయి.

దీన్ని తెలుగు గెలుపుగా చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ నాకు ప్రతిసారీ గుర్తొచ్చేది ఆ ప్రయాణంలో ఆ ముసలాయన ఏ మజిలీలో దిగిపోయాడా అని. మాట వైరల్ కావాలంటే ముందు అన్న మనిషిని, అన్న సందర్భాన్ని వదిలించుకోవాలి. అందులోనే దాని బలమంతా ఉంది, దాని అన్యాయం కూడా అక్కడే ఉంది. సినిమా నటుడి విషయంలో ఈ వదిలించుకోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు. రోడ్డు మీద మైకు పెట్టి మాట్లాడించిన మామూలు మనిషి విషయంలో ఉంది. ఈ రెండిటి మధ్య గీత మనం గియ్యాలి, గియ్యడం లేదు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

మీమ్స్ అంటే పడనివాడు రాసిన వ్యాసం అనుకోకండి. రోజూ చూస్తాను, పంపుతాను, పగలబడి నవ్వుతాను. బ్రహ్మానందం లేకపోతే మన కాలేజీ గ్రూపులు, ఆఫీసు గ్రూపులు సగం మూగబోతాయి. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి, ఎనభైల్లో సినిమాల్లోకి వచ్చి, అత్యధిక సినిమాల్లో నటించినందుకు గిన్నిస్ రికార్డు, 2009లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన మొహాన్ని ఇవాళ ఆయన పేరు తెలియనివాళ్ళు, తెలుగు అనే భాష ఒకటుందని తెలియనివాళ్ళు కూడా జిఫ్‌లుగా వాడుతున్నారు. ఎందుకు పనిచేస్తుందో గమనించండి. ఆయన కామెడీలో చాలా భాగం డైలాగు అయిపోయిన తర్వాత ఉంటుంది: ఎదుటివాడు ఏదో అంటాడు, ఈయన ఒక్క క్షణం ఆగుతాడు, ఆ క్షణంలో మొహం మీద అవమానం, అనుమానం, జాలి, కోపం, లోపల లెక్క వేసుకోవడం, అన్నీ వరసగా కదులుతాయి. ఎక్కడ ఆపినా ఒక పూర్తి భావం దొరుకుతుంది. దానికి భాష అక్కర్లేదు, కథ అక్కర్లేదు, పైన మీ కష్టం మీరు రాసుకోవచ్చు.

మీమ్‌కి కావలసిన మొదటి గుణం ఇది, లోపల ఖాళీ ఉండాలి. ఇంకొకరు తమ బతుకు తెచ్చి పెట్టుకోవడానికి చోటుండాలి. అర్థం పూర్తిగా నిండిన మాట ఎంత గొప్పదైనా ఒకసారి మెచ్చుకుని వదిలేస్తాం. సగం అర్థమే ఉన్న మాటని మిగతా సగం నింపడానికి తీసుకెళ్తాం. రెండోది పలకడంలో ఒక ఊపు ఉండాలి, చెవిలో పడితే నాలిక మీదికి వచ్చేయాలి. మూడోది, తెలిసినవాళ్ళకే తెలిసే సంతోషం. మీరు ఒక మాట వేస్తే అవతలివాడు నవ్వాడంటే వాడూ ఆ వీడియో చూశాడన్నమాట, మీ ఇద్దరూ ఒక జట్టు. చూడనివాడు ఆ రాత్రే వెతుక్కుని చూస్తాడు, మర్నాడు వాడూ వేస్తాడు. స్లాంగ్ పాకేది ఎక్కువగా ఇలాగే, వెనకబడిపోయామన్న చిన్న టెన్షన్ వల్ల.

మనుషుల్లో ఇది ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా వచ్చింది వేగం. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది, అప్పటిదాకా పొదుపుగా వీడియో చూసిన ఊళ్ళు ఆపకుండా చూడటం మొదలుపెట్టాయి. టిక్‌టాక్ వచ్చి ఇంకొకరి గొంతుకి మన పెదాలు కలపడం నేర్పింది. 2020 జూన్ 29న దాన్ని నిషేధించారు, పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇండియాలో దిగింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ప్రయోగం కూడా ముందు ఇక్కడే మొదలైంది. వీటన్నిటిలోనూ ఒక చిన్న సదుపాయం ఉంది, ఒకరి వీడియోలోని గొంతు మీద నొక్కితే అదే గొంతుతో మీ వీడియో చేసుకోవచ్చు. నా దృష్టిలో అసలు మలుపు అదే. అంతకుముందు మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్ళేటప్పుడు రెండో మనిషి దాన్ని తన గొంతుతో, తన యాసతో అనేవాడు, కాస్త మార్చేవాడు, తనది చేసుకునేవాడు. ఇప్పుడు గొంతు కూడా అసలు మనిషిదే వెళ్తుంది. ఆయన వణుకు, ఆయన ఏడుపు, ఆయన దగ్గు, అన్నీ వెళ్తాయి. ఆయన మాత్రం వెళ్ళడు. ఇక చూసినవాళ్ళు ఎంతసేపు ఆగారు, మళ్ళీ చూశారా, ఇంకొకరికి పంపారా అని లెక్కపెట్టి ముందుకు తోసే యంత్రానికి అది వణుకో నవ్వో తేడా తెలియదు. ఆగి చూశారా లేదా, అంతే దాని లెక్క.

మన సాహిత్యంలో దీనికి చుట్టం ఉంది, చాటువు. ఎవరు రాశారో తెలియని పద్యాలు వందల ఏళ్ళు నోటి మీదే తిరిగాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాటిని వెతికి పోగుచేయకపోతే చాలా భాగం మనకి దక్కేవి కావు. శ్రీనాథుడు పల్నాటి ఎండలకీ జొన్నకూటికీ విసుక్కుని చెప్పాడని మనం చెప్పుకునే పద్యాల్లో ఏవి నిజంగా ఆయనవో ఎవరు తేల్చగలరు? వేమన సంగతి ఇంకా స్పష్టం. "విశ్వదాభిరామ వినురవేమ" అనే మకుటం చేతికి దొరికింది కాబట్టి తమ గుండెలో మాట మూడు పాదాల్లో చెప్పి చివర అది తగిలించినవాళ్ళు ఎంతమందో. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేటప్పటికే రకరకాల పాఠాలు దేశమంతా తిరుగుతున్నాయి. ఆ మకుటం అచ్చంగా మీమ్ టెంప్లేటే. అయితే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది, నన్ను అది వదలడం లేదు. అప్పుడు దిక్కులేని పద్యం వెళ్ళి ఒక పేరు కిందికి చేరేది. ఎవరో అనామకుడు రాసినదానికి శ్రీనాథుడి గౌరవం దక్కేది, ఎవరికీ అవమానం లేదు. ఇప్పుడు పేరూ ఊరూ మొహమూ ఉన్న మనిషి మాటని తీసుకుని, పేరూ ఊరూ పీకేసి, మొహం మాత్రం ఉంచుకుంటున్నాం.

ఇది మన దగ్గరే కాదు. మన పిల్లలు ఇన్‌స్టాలో వాడే 'నో క్యాప్' (అబద్ధం కాదు), 'స్లే' (అదరగొట్టు) లాంటి ఇంగ్లీషు మాటల్లో చాలా వాటి మూలం అమెరికాలో నల్లజాతి జనం ఇళ్ళలో, వాళ్ళ సంగీతంలో, వాళ్ళ వేడుకల్లో ఉంది. వాళ్ళు ఆ మాటలు అంటే చదువురానివాళ్ళని తక్కువ చేసిన సమాజమే, ఇంటర్నెట్ ద్వారా చేతికి వచ్చాక వాటిని ఫ్యాషన్ చేసుకుంది. 2014లో వైన్ అనే ఆరు సెకన్ల వీడియోల యాప్‌లో ఒక నల్లజాతి టీనేజ్ అమ్మాయి కారులో కూర్చుని తన కనుబొమ్మలు చూసి మురిసిపోతూ 'ఆన్ ఫ్లీక్' అంది, అచ్చుగుద్దినట్టు కుదిరాయని. కొన్ని నెలల్లో అది పాటల్లోకి వెళ్ళింది, పెద్ద పెద్ద కంపెనీల ప్రకటనల్లోకి వెళ్ళింది, ఐహాప్ అనే అమెరికా హోటళ్ళ కంపెనీ తన పాన్‌కేకుల గురించి అదే మాట ట్వీట్ చేసుకుంది. మాట అమ్ముడుపోయింది, అమ్మాయికి చెప్పుకోదగ్గ వాటా రాలేదు. తర్వాత తన సొంత వ్యాపారానికి ఆమె జనాన్ని చందాలు అడగాల్సి వచ్చింది.

మన దగ్గర దీనికి మంచి ముఖం కూడా ఉంది, దాచను. తెలంగాణ యాసని మన సినిమాలు చాలాకాలం రౌడీలకీ, పనివాళ్ళకీ, నవ్వించే పాత్రలకీ ఇచ్చి ఊరుకున్నాయి. ఇవాళ విజయవాడ పిల్లాడు 'లొల్లి' అంటాడు, 'కిరాక్' అంటాడు, 'లైట్ తీస్కో' అంటాడు, ఎవరూ వింతగా చూడరు. దీనికి రాజకీయ కారణాలున్నాయి, కొత్త దర్శకులున్నారు, దాంతోపాటు యూట్యూబ్ పాత్ర చాలా పెద్దది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' వాళ్ళు తమ ఊరి భాషలోనే వీడియోలు తీసి ఇంటింటికీ పంపారు. గంగవ్వ మాట తీరు అందరికీ ఇష్టమైంది, 2020లో ఆమె బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్ళింది. నాకు ఈ ఉదాహరణ ఎందుకు ముఖ్యమంటే, అక్కడ మాట మనిషిని వదలలేదు. ఆమె కెమెరా ముందు తెలిసి నిలబడింది, ఏం జోకు వేస్తున్నదో ఆమెకి తెలుసు, మాట ఎక్కడికి వెళ్తే గంగవ్వ పేరు అక్కడికి వెళ్ళింది. వైరల్ కావాలంటే మనిషిని పోగొట్టుకోక తప్పదు అనేవాళ్ళకి లంబాడిపల్లి చూపించి కాదని చెప్పొచ్చు. తెలిసి నిలబడితే చాలు.

ఇక తెలియకుండా చిక్కినవాళ్ళ సంగతి. ఇది మా ఇంటి సంగతి.

మా చిన్నాయన టమాటా రైతు, చిత్తూరు వైపు. రేటు బాగా పడిపోయిన రోజుల్లో సరుకు మండీకి తీసుకెళ్తే అక్కడ ఒక యూట్యూబ్ ఛానల్ కుర్రాడు మైకు పట్టుకుని తిరుగుతున్నాడు. "ఏం పెద్దాయనా, రేటు ఎట్లుంది?" అని మైకు ముందుకు పెట్టాడు. మా చిన్నాయనకి అడిగేవాడు దొరకడమే అరుదు, చాలాసేపు మాట్లాడాడు. నారు ఎంత పెట్టి తెచ్చాడో, కట్టెలకీ దారానికీ ఎంతయిందో, మందులకి ఎంతో, కోత కూలీలు ఎంత అడుగుతున్నారో, టెంపో బాడుగ ఎంతో, మండీలో కమీషన్ ఎంతో, అన్నీ లెక్క చెప్పాడు. చెప్పీ చెప్పీ చివరికి విసిగిపోయి, చెయ్యి మండీ వైపు ఊపి, "కాయలు తీస్కోండి సామీ, బాక్సులన్నా ఇచ్చేయండి" అన్నాడు.

లెక్కంతా పోయింది, ఆ చివరి ముక్క మిగిలింది.

చూస్తే మీమ్‌కి కావలసినవన్నీ అందులో ఉన్నాయి, నేను ఒప్పుకోవాలి. రెండు ముక్కలుగా విరిగి చక్కగా పలుకుతుంది. అంతా పోగొట్టుకున్నవాడు చివరికి అడిగే చిన్న కోరిక కాబట్టి ఎక్కడైనా అతుకుతుంది. బ్రేకప్ అయినవాడు పెట్టుకున్నాడు, జాబ్ పోయినవాడు పెట్టుకున్నాడు, ఐపీఎల్‌లో తమ టీమ్ ఓడిపోతే అభిమానులు పెట్టుకున్నారు. బెంగళూరులో పనిచేసే ఆయన కొడుక్కి ఆఫీసు గ్రూపులో స్టిక్కర్‌గా వచ్చింది, పంపినవాడికి అది వీడి నాయన అని తెలియదు. ఊళ్ళో ఆయన టీ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే పిల్లలు వెనకనుంచి ఆ మాట అంటున్నారు. పాపం వాళ్ళు ఏడిపిద్దామని కూడా అనడం లేదు, ఊరికి ఒక సెలెబ్రిటీ దొరికాడన్న హుషారు. ఆయన మండీకి వెళ్ళడం మానేశాడు, పక్క చేను వాళ్ళతో సరుకు పంపిస్తున్నాడు. పోనీ చిన్నాయనా, నీ పేరు దేశమంతా తెలిసింది కదా అని ఎవరో ఓదార్చబోతే, "నా పేరు ఎవనికి తెలుసురా" అన్నాడు.

నేను ఒక మీమ్ పేజీ నడిపే కుర్రాడికి మెసేజ్ పెట్టాను. మర్యాదస్తుడు, వెంటనే తీసేశాడు. "మీ చిన్నాయన అని తెలీదన్నా, తెలిస్తే పెట్టేవాణ్ణి కాదు" అన్నాడు. వాడి మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ ఒక్క వాక్యంలో ఈ వ్యవహారం మొత్తం ఉంది. తెలిస్తే పెట్టడు. తెలియదు కాబట్టి పెట్టాడు. చూసి నవ్విన లక్షమందీ అంతే, తెలియదు కాబట్టి నవ్వారు. తెలియకుండా ఉండేట్టు కత్తిరించినవాడు ఒకడున్నాడు, ఆ కత్తిరింపు మీదే వ్యూస్ వచ్చాయి, వ్యూస్ మీద యాడ్లు వచ్చాయి.

దీనికి ఎదురు వాదన ఉంది, గట్టిదే. వైరల్ అయి బాగుపడినవాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒకామె మామూలుగా బిల్లు చెప్పింది, మీది మొత్తం థౌజండ్ అయింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా అని. అదీ మీమ్ అయింది, పాటయింది, జనం తోసుకుంటూ వచ్చారు, ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు బండి తీయించారు, చివరికి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జోక్యం చేసుకుని అక్కడే నడుపుకోనిచ్చారు. ఆమె ధైర్యంగా నిలబడింది, పేరు సంపాదించుకుంది, నాకు సంతోషమే. కానీ ఆ కథనే ఇంకోసారి చదవండి. ఆమె ఏ తప్పూ చేయకుండానే ఒక వారంలో బతుకుతెరువు ఊగిపోయింది, సరిచేయడానికి ముఖ్యమంత్రి దిగాల్సి వచ్చింది. ప్రతి చిన్నాయనకీ ముఖ్యమంత్రి రాడు. పైగా ఆమె దగ్గర అమ్మడానికి అన్నం ఉంది, వచ్చినవాళ్ళు తిని డబ్బులిచ్చి వెళ్ళారు. మా చిన్నాయన మీమ్ చూసి ఎవరూ టమాటా ఎక్కువ రేటుకి కొనలేదు.

పబ్లిక్ ప్లేస్‌లో మాట్లాడాడు, మైకు చూసే మాట్లాడాడు, ఇష్టపడే మాట్లాడాడు కదా అనేది రెండో వాదన. అవును, రేటు గురించి మాట్లాడటానికి ఇష్టపడ్డాడు. స్టిక్కర్ కావడానికి ఎప్పుడు ఇష్టపడ్డాడు? ఇష్టం అనేది ఒక పనికి ఇస్తారు, దాన్ని తీసుకెళ్ళి ఇంకో పనికి వాడకూడదు. ఇది పెద్ద న్యాయశాస్త్రం అక్కర్లేకుండానే అర్థమయ్యే సంగతి, పొలం కౌలుకిస్తే అమ్ముకోవచ్చని కాదు.

న్యాయం మాట వచ్చింది కాబట్టి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు హిందీ నటుడు అనిల్ కపూర్ పేరు, బొమ్మ, గొంతుతో పాటు ఆయన 'ఝకాస్' అనే తీరుని కూడా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. తర్వాత ఇంకో హిందీ నటుడు జాకీ ష్రాఫ్ తన ఊతపదం 'భిడు' కోసం వెళ్ళారు. 2025లో మన నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకి వెళ్ళి ఇలాంటి రక్షణే తెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళడం సరైనదే, ఏఐతో మొహాలూ గొంతులూ దొంగిలించే రోజులివి. నా బాధ వేరు. అదే 2023లో ఒక స్టార్ నోటి మాటకి కోర్టు కాపలా దొరికింది, ఒక ముసలాయన నోటి మాట ఊరందరి సొత్తయింది. కాగితం మీద చట్టం ఇద్దరికీ ఒకటే కావచ్చు, ఢిల్లీ దాకా వెళ్ళే దారి మాత్రం ఒకటి కాదు. ఇంకో సంగతి, స్టార్ మాట చాలాసార్లు ఇంకెవరో రాసిన డైలాగు. ముసలాయన మాట ఆయన సొంతం, బూతుతో సహా.

ఫిర్యాదు చేయొచ్చు కదా అంటే చేయొచ్చు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఈ వేదికలన్నీ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. మేమూ పెట్టాం, కొన్ని వీడియోలు పోయాయి. వాట్సాప్ స్టిక్కర్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాం. అది ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి సేవ్ అవుతూ పోతుంది, పెట్టినవాడు ఎవడని అడగాలి? పుకార్లు ఆపడానికి 2018లో ఇండియాలో ఫార్వర్డ్ ఐదు చాట్లకి తగ్గించారు, 2020లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేశారు. మూకలు మనుషుల్ని కొట్టి చంపాక వచ్చిన మార్పు అది. నవ్వు వల్ల కుంగిపోయినవాడి కోసం ఎవరూ ఏమీ తగ్గించరు, నాకు ఆ ఆశ లేదు.

అందుకే నేను వేదికల్ని వదిలి మైకు పట్టుకునేవాళ్ళనీ, పేజీలు నడిపేవాళ్ళనీ అడుగుతున్నాను, వాళ్ళలో చాలామంది నా వయసువాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు, చెప్తే వినేవాళ్ళు. ఇంటర్వ్యూ తీస్తే మొత్తం పెట్టండి, ముక్క పెడితే మొత్తం వీడియో లింకు కింద ఇవ్వండి. ముక్క పెట్టేముందు ఆ మనిషికి ఒకసారి చూపించండి, ఇది ఇలా పెడుతున్నాం పెద్దాయనా, పర్లేదా అని. తీసేయమంటే గొడవ చేయకుండా తీసేయండి. ఆయన మాటతో డబ్బులొస్తే అందులో ఆయనకి భాగం ఇవ్వండి. మనం చేయగలిగింది ఇంకా తేలిక, ఆ మొహం నటుడిదా, రోడ్డు మీద మనిషిదా అని పంపేముందు ఒక్క క్షణం ఆగి చూడటం.

ఇంత ఆలోచిస్తే మీమ్ చచ్చిపోతుంది అని ఆ పేజీ కుర్రాడే నాతో అన్నాడు. చావదు. 1932లో 'భక్త ప్రహ్లాద'తో మాట్లాడటం మొదలుపెట్టిన తెలుగు సినిమా ఇన్ని దశాబ్దాలుగా మొహాలు పోగుచేసి పెట్టింది, డబ్బులు తీసుకుని, మేకప్ వేసుకుని, నవ్వించడానికే నిలబడిన మొహాలు. రోజుకి వంద చేసినా అయిపోవు. కొత్త మొహమే కావాలంటే అడిగి తీసుకోండి, సరదాగా ఒప్పుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. మా చిన్నాయననే ఇంకో రోజు, రేటు బాగున్న రోజు అడిగి ఉంటే, వాళ్ళకి నెలకి సరిపడా సరుకు ఇచ్చేవాడు. పెళ్ళిళ్ళలో ఆయన కూర్చున్న అరుగు దగ్గరే జనం చేరతారు.